గోడ మీదుగా ఇచ్చిన గునుగు

మొక్కల విషయంలో నాకొక పద్ధతి ఉండేది. నేను పెట్టిందే ఉండాలి, నేను పెట్టిన చోటే ఉండాలి. తనంతట తాను మొలిచింది ఎంత పచ్చగా ఉన్నా పీకేసేదాన్ని. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. మా పుట్టింటి గడీలో తోటమాలి తాడు పట్టి బంతి నారు నాటేవాడట. తాడు దాటి మొలిచిన మొక్కను మా తాతగారు చేతికర్రతో చూపిస్తే చాలు, సాయంత్రానికి అది ఉండేది కాదు. ఆ తోట నేను చూడలేదు. నేను పుట్టేనాటికే తోట పోయింది, నాకు ఊహ తెలిసేలోగా గడీ కూడా పోయింది. ఎలా పోయిందో రాయను. పోగొట్టిన వాళ్లందరూ నా వాళ్లే.

మిగిలిన వాటిలో నాకు దక్కింది ఒక్కటే, సద్దుల బతుకమ్మ. మా నాయనమ్మ ఆ రోజు గునుగుపూలతో నడుమెత్తు బతుకమ్మను పేర్చేది. పొలాలు పోయిన ఏడాది పేర్చింది, అద్దె ఇంట్లో చేరిన ఏడాది పేర్చింది. ఆమె తర్వాత మా అమ్మ, తర్వాత నేను. పెళ్లయ్యాక ఇరవై ఏడేళ్లలో మా ఆయన బ్యాంకు ఉద్యోగం మమ్మల్ని ఆరు ఊళ్లు తిప్పింది. ఏ ఊళ్లోనూ ఆ వరస తెగనివ్వలేదు. బంతీ చామంతీ ఎక్కడైనా దొరుకుతాయి. గునుగు లేకుండా పేర్చింది మాత్రం పూలకుప్పే అవుతుంది గాని బతుకమ్మ కాదని మా ఇంటి లెక్క.

సూరత్‌కు వచ్చాక ఆ ఇబ్బంది కూడా తీరింది. ఇక్కడి మరమగ్గాల మీద పనిచేసేవాళ్లలో చాలామంది మా వైపు వాళ్లే. పండగ ముందు సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చే ప్రైవేటు బస్సు నెత్తిన గోనెసంచుల్లో గునుగు వచ్చేది. ఫోన్ చేస్తే ఒకతను ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు.

మేముండేది సూరత్ శివార్లలోని జోల్వాలో, ఒక సొసైటీ చివరి రో హౌస్. వెనక పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు పెరడు. తులసికోట, రెండు వరసల గులాబీలు, ఒక మల్లె. చుట్టూ ఇటుకలు ఏటవాలుగా గుచ్చి ఏడాదికి రెండుసార్లు సున్నం వేయించేదాన్ని. పెరటి గోడ నా భుజాల దాకా వస్తుంది. గోడకు అవతల మగ్గాల పనివాళ్ల గదుల వరస, ఆ వెనకే మగ్గాల షెడ్లు. ఆ చప్పుడు మాకు అలవాటైపోయి వినపడేది కాదు. రెండు వేల ఇరవై మార్చి ఆఖరులో ఒక్కసారి ఆగిపోయినప్పుడే అది అంతవరకూ ఉందని తెలిసింది.

లాక్‌డౌన్‌లో మా ఆయన మాస్కు కట్టుకుని రోజూ బ్యాంకుకు వెళ్లేవారు. పనిమనిషి రావడం లేదు. నేనూ పెరడూ మిగిలాం. జూన్‌లో మొదటి వాన పడ్డ వారానికి గులాబీ వరసల మధ్య నేలంతా మొలకలు లేచాయి. కొన్నింటిని గుర్తుపట్టాను. బంతి ఆకు నలిపితే వాసనే చెబుతుంది. పట్టుకుచ్చు మొలక తోటకూరలాగే ఉంటుంది గాని కాడ ఎర్రగా ఉంటుంది. పెట్టకుండా వచ్చాయే అని కోపం వచ్చినా, ఆ వేసవిలో నర్సరీలన్నీ మూతపడి ఉన్నాయి కాబట్టి వాటిని తీసి తాడు పట్టి వరసలో నాటాను. మిగిలినవి మాత్రం వందల్లో ఉన్నాయి. సన్నటి ఆకులు, నిటారు కాడ, చూడ్డానికి ఏ ప్రత్యేకతా లేదు. కలుపు అనుకుని పీటేసుకుని కూర్చుని పీకడం మొదలుపెట్టాను.

రెండో రోజో మూడో రోజో పీకినవాటిని గోడ పక్కన కుప్ప పోస్తుంటే అవతలి నుంచి ఒకామె తల కనిపించింది. నాకన్నా పదేళ్లు పెద్దదై ఉంటుంది. కొంగు మూతికి అడ్డం కట్టుకుంది. ఇటుకల మీద ఎక్కి నిలబడితే గాని ఆమె తల గోడ దాటలేదు.

"ఓ మేడం, గవి పారేస్తున్నరా?"

"పారేస్తున్నాను. ఏం?"

"పారెయ్యకున్రి, ఇటియ్యున్రి. కూరకైతయ్. జర పెసరపప్పేసి వండితే మస్తుంటది. ఖాతా బందై మూడు నెల్లాయె. రోజు ఆలుగడ్డలే తినుకుంట పిల్లలు మొకం అటు తిప్పుకుంటున్నరు."

ఖాతా అంటే ఇక్కడ మగ్గాల షెడ్డు. ఆమె మాట వినగానే మా వైపు మనిషేనని తెలిసింది. అడగలేదు. ఇవ్వడం నాకు చేతనైన పని. పీకినవాటిని మట్టి దులిపి, వేళ్లు ఒక పక్కకు వచ్చేలా కట్టలు కట్టి గోడ మీద పెట్టాను. ఆమె అందుకుని, "వేర్లతోనే ఉన్నయ్, మంచిగైంది" అంది. ఎందుకు మంచిగైందో అడగలేదు. అదేం కూర అనీ అడగలేదు. తెలియదని చెప్పుకోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఆ నెలంతా రెండు రోజులకొకసారి కట్ట ఇచ్చాను. ఆగస్టుకల్లా నా పెరట్లో నేను పెట్టని మొలక ఒక్కటీ లేదు. బంతులు తాడు గీసినట్టు నిలబడ్డాయి. చూసుకుని తృప్తిపడ్డాను.

సెప్టెంబరులో పూలతనికి ఫోన్ చేశాను.

"ఈసారి కష్టం మేడం," అన్నాడతను. "బస్సులు నడుస్తలేవు. ఒకటి రెండు నడిచినా సగం సీట్లే. మీద సామాను ఎక్కనిస్తలేరు."

"ఒక్క సంచి కూడానా?"

"ఒక్క పువ్వు గూడ. నేనే ఊళ్లె ఉన్న మేడం, ఇంక సూరత్‌కే రాలె."

సాయంత్రం మా ఆయన వచ్చాక చెప్పాను. ఆయన బడిపంతులు కొడుకు. మా ఇంటి లెక్కలంటే గౌరవం ఉంది, నవ్వు కూడా ఉంది.

"పోనీ బంతిపూలతో కానిచ్చేయరాదూ దొరసానీ. కరోనా అని అమ్మవారికి తెలియదా?"

"అమ్మవారికి తెలుసు. మా నాయనమ్మకు తెలియదు."

ఆదివారం ఆయన స్కూటర్ మీద చెరకు తోటల వెంట పది కిలోమీటర్లు తిరిగారు. చేతినిండా తంగేడు తెచ్చారు. ఇక్కడ దాన్ని ఆవళ్ అంటారు, కాలువ గట్ల మీద విరివిగా ఉంటుంది. గునుగు కనిపించలేదన్నారు. కనిపించినా ఆయన గుర్తుపట్టేవారా అన్నది వేరే సంగతి. పక్కింటి గుజరాతీ బెన్ గేటు దగ్గర నిలబడి, "ఆ వఖతే గర్బా నథీ, బెన్" అని నిట్టూర్చింది. సొసైటీ నోటీసు బోర్డు మీద ఈ ఏడు నవరాత్రి గర్బా లేదని రాసి పెట్టారు. అందరికీ లేనిది నాకు మాత్రం ఎలా ఉంటుందని ఆమె ఉద్దేశం. ఓదార్పే అది. నాకు మాత్రం రుచించలేదు.

పండగ పది రోజుల్లోకి వచ్చింది. మేడ మీద బట్టలు ఆరేస్తూ ఊరికే వెనక్కి చూశాను. గదుల వరస ముందు నూనె డబ్బాలు, పగిలిన బకెట్లు, సిమెంటు సంచులు బారుగా పెట్టి ఉన్నాయి. ప్రతి దాంట్లోనూ నడుము దాకా పెరిగిన మొక్కలు, కొసన తెల్లటి కంకులు, ఆ తెలుపు చివర లేత గులాబి రంగు. తడి దుప్పటి చేతిలో అలాగే ఉండిపోయింది.

గునుగు.

అప్పుడు అంతా ఒక్కసారిగా తెలిసింది. అంతకు ముందు ఏడాది సద్దుల నాడు కుండపోత వాన. తాపీ నది దాకా వెళ్లలేక బతుకమ్మను పెరట్లోనే పెద్ద టబ్బులో నిమజ్జనం చేశాం. పూలు ఎవరి కాళ్ల కిందా పడకూడదని మర్నాడు ఆ నీళ్లు పూలతో సహా గులాబీల పాదుల్లో పోశాను. కంకి పైభాగం పూస్తుండగానే కింది భాగంలో విత్తు ముదిరిపోతుందని ఇప్పుడు తెలుసు. నల్లగా, ఆవగింజలో సగం ఉంటుంది. మా ఇంటి బతుకమ్మే మళ్లీ మొలిస్తే నా చేత్తో ఒక్కొక్కటీ పీకి, కట్టలు కట్టి, కూర వండుకోమని ఇచ్చాను. మా ఇంటికి గునుగు ఎప్పుడూ గంపల్లో, కోసిన కట్టలుగానే వచ్చింది. పువ్వును చిన్నప్పటి నుంచి ఎరుగుదును. మొక్క ఎలా ఉంటుందో యాభై ఏళ్లు వచ్చినా చూడలేదు.

మా ఆయన విని ముందు నవ్వు ఆపుకున్నారు, తర్వాత ఆపుకోలేదు.

"అయితే ఇంకేం, గోడ దగ్గరికెళ్లి అడుగు."

"మేం అడగం."

"మేమంటే ఎవరెవరు? ఇంట్లో ఉన్నది ఇద్దరమే. నేనైతే అడుగుతాను."

"మీరు అడిగితే నేను అడిగినట్టే."

"అట్లయితే ఈ ఏడుతో ఆపేద్దాం. మీ నాయనమ్మకు చెప్పు, పువ్వు అవతలే ఉంది గాని అడగడానికి నోరు రాలేదని."

ఆ మాట గుచ్చుకుంది. అయినా రెండు రోజులు అడగలేదు. మూడో రోజు పొద్దున గోడ దగ్గరికి వెళ్లాను. ఆమె డబ్బాలకు నీళ్లు పోస్తోంది. పిలవాలంటే ఏమని పిలవాలో తెలియలేదు. నాలుగు నెలలుగా ఆమె పిలిస్తే నేను పలికానే గాని, నేను పిలిచింది లేదు.

"అక్కా," అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఎవరినో అనుకుని. "ఎవలు, నన్నేనా? ఏంది మేడం, కూర మల్ల మొలిసిందా?"

"ఆ డబ్బాల్లో ఉన్నది గునుగేనా?"

"గునుగే. మీరిచ్చిందే గద. సగం వండుకున్నం, సగం నాటిన. వేర్లతోని ఇస్తిరి, పాణం ఉన్నదాన్ని ఎట్ల పారేస్త."

"అది గునుగని నాకు తెలియదు."

"ఏంది, తెల్వదా?" చెంబు కింద పెట్టేసింది. "అయ్యో శివా! నేనేమనుకున్న, బ్యాంకోళ్ల మేడం, గులాబిపువ్వులుండంగ గునుగు ఎందుకని పీకుతున్నది అనుకున్న. గునుగు తెల్వని తెలుగామె ఉంటదా?"

"మా ఇంటికి గంపల్లో వచ్చేది."

"ఎవలు తెచ్చెటోళ్లు గంపలల్ల? ఏ ఊరు మీది?"

ఊరు పేరు చెప్పాను. ఆమె ఇటుకల మీదికి ఎక్కి నా ముఖంలోకి చూసింది.

"గడీ ఉన్న ఊరా?"

"ఆ గడీ మాదే."

"అగో, గట్ల చెప్పున్రి మరి! మా మేనత్తనిచ్చింది గా ఊరికే. తొమ్మిదొద్దులు పొద్దుగాల్నే చెల్కలల్ల గునుగు కోసి గడీల కుప్ప పోసెటోళ్లమని చెప్తుండె. మీ బతుకమ్మ ఎత్తినంకనే మావి ఎత్తాలెనట. కాళ్లు గుంజినా నిలవడాలెనట. నిజమేనా?"

"నిజమే."

ఆ సంగతి నాకు తెలుసు. మా ఇంట్లో దాన్ని మర్యాదగా చెప్పుకునేవారు. అవతలి వైపు నుంచి వినడం అదే మొదటిసారి. ఆమె గొంతులో కోపం లేదు, కానీ నా ముఖం మీంచి చూపు తీయలేదు. నేనూ తల దించలేదు. దించితే ఆమె అడిగినదానికి జవాబు చెప్పకుండా తప్పించుకున్నట్టు అవుతుందనిపించింది.

"మరి గిప్పుడేం గావాలె?"

"గునుగు కావాలి. మీరు ఇస్తే."

"ఇస్త. ఎందుకియ్య, మీ ఇత్తునమే. గని ఒక్క మాట. మీ బతుకమ్మ మా వాకిట్లకు తేవాలె. మావి ఎన్మిదైతయ్, మీది తొమ్మిదోది. ముందుది లేదు, ఎన్కది లేదు, గుండ్రంగ పెడ్తం. నిమ్మలంగ ఆలోచించుకోని చెప్పున్రి."

"ఆలోచించేదేం లేదు. వస్తాను."

"ఎంత పేరుస్తరు?"

"మేం నడుమెత్తు పేరుస్తాం."

ఆమె వెనక ఉన్న డబ్బాల వంక చూపించి పకపకా నవ్వింది. "ఎన్మిది మందికి పంచినంక నడుమెత్తా! మోకాలొస్తె సంబురపడున్రి."

మోకాలి దాకానే వచ్చింది. రంగులు కూడా మావి కావు. మా ఇంట్లో గునుగు కొసలకు ఎరుపూ ఆకుపచ్చా తప్ప వేసేవారు కాదు. ఆమె భర్త రంగుల మిల్లు నుంచి తెచ్చిన చిటికెడు పొడి నీళ్లలో వేస్తే ఊదారంగు మండిపోయింది. నా చేతులు వారం దాకా అలాగే ఉన్నాయి. కూరల బండి దగ్గర బెన్ నా వేళ్లు చూసి హోలీ ఇప్పుడే వచ్చిందా అని అడిగింది. సద్దుల నాడు మూతికి కొంగు కట్టుకుని, చేయి చాపినంత ఎడం పెట్టుకుని, తొమ్మిది బతుకమ్మల చుట్టూ తొమ్మిది మందిమి తిరిగాం. చప్పట్లకు మూతిగుడ్డలు అడ్డం లేవు కాబట్టి పాట సరిగ్గా వినపడకపోయినా అడుగు తప్పలేదు. వరస తెగలేదు. అయితే సగానికి తగ్గిందన్న ముల్లు నాలో ఉండిపోయింది. వచ్చే ఏడు నడుమెత్తు కావలసిందే అనుకున్నాను.

నిమజ్జనం మళ్లీ మా పెరట్లోనే చేశాం. ఈసారి తొమ్మిది బతుకమ్మల నీళ్లూ ఆ నేలలోనే పోశాం. గులాబీల చుట్టూ ఉన్న ఇటుకలు తీసేశాను. బంతులు ఎండి నల్లబడ్డా కోయలేదు. పట్టుకుచ్చులు మొక్క మీదే వాడి, గాలి వీచినప్పుడల్లా గింజ రాల్చాయి. పెరడు చూడ్డానికి అసహ్యంగా ఉండేది. సున్నం వేసేవాడు వచ్చి, ఇంటివాళ్లు ఖాళీ చేశారా అని అడిగాడు.

ఆ తర్వాతి ఏప్రిల్ గురించి రాయను. మా ఇద్దరికీ జ్వరం వచ్చింది, తగ్గింది. అందరికీ తగ్గలేదు. పద్నాలుగు రోజులు గోడ మీద గుడ్డ కప్పిన జొన్నరొట్టెలు ఉండేవి. ఆమె పెట్టి దూరం జరిగి, "తీస్కోండ్రి" అని కేకేసేది. నేను తీసుకునేదాన్ని. తీసుకోవడం కూడా అలవాటవుతుంది.

జూన్ వానకు నేల పచ్చబడింది. ఈసారి ఆమె గోడ అవతల నుంచి కాక గేటు గుండా వచ్చి పీట మీద నా పక్కన కూర్చుంది. నేను ఒక్కటీ పీకనని మొండికేశాను.

"గిట్లయితే ఒక్కటి సక్కగ రాదు," అని తిట్టింది. "జానెడుకొక్కటి ఉంచున్రి. ఉన్నదానికి జాగ ఇయ్యాలె. పీకినయి కూర."

ఏది ఉంచాలో, ఏది తీయాలో ఆమె వేలితో చూపిస్తే నేర్చుకున్నాను. తాడు పట్టలేదు. గునుగు తులసికోట పగులులో ఒకటి మొలిచింది, నీళ్లు పోయే మోరీ అంచున నాలుగు మొలిచాయి. బంతి ఒకటి మెట్టు మీదే లేచి దారికి అడ్డం నిలబడింది. మా ఆయన దాన్ని చుట్టి వెళ్లేవారు. పీకిన గునుగును ఆ ఏడు నేనే పప్పులో వేసి వండాను. కొంచెం జిగురు, కొంచెం పాలకూర రుచి. కిందటేడు దీన్ని కలుపనుకున్నందుకు నా మీద నాకే జాలేసింది. మధ్యాహ్నాలు మెట్టు మీద కూర్చుని ఏది ఎంత పెరిగిందో చూడటం నాకు రోజూ ఉండే పని అయింది. అంత హాయిగా నేను అంతకు ముందెప్పుడూ కూర్చున్నట్టు గుర్తు లేదు.

అక్టోబరుకు పెరడంతా తెల్లటి కంకులే. అవతలి ఎనిమిది మందికీ ఆ ఏడు పూలు నేనే ఇస్తానన్నాను. బస్సులు మళ్లీ నడుస్తున్నా సంచి తెప్పించనివ్వలేదు. గేటు తీసి ఉంచాను. ఒక్కొక్కరూ వచ్చి అడిగినంత కోసుకుపోయారు. చాలన్నా వినక ఇంకో గుప్పెడు నేనే కోసి పెట్టాను. ఇచ్చే చెయ్యి ఎక్కడ ఆపాలో మా వంశంలో ఎవరికీ తెలియదు.

సద్దుల నాడు పేర్చడానికి కూర్చున్నాను. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, గునుగు వరస, బంతి వరస, తంగేడు, పట్టుకుచ్చు, మళ్లీ గునుగు. మధ్యాహ్నం దాటేసరికి పెరట్లో కోయడానికి కంకి లేదు. లేచి నిలబడి చూసుకున్నాను. నా నడుముకు జానెడు తక్కువ. పూలన్నీ చేతుల్లో ఉండి కూడా ఈ ఏడూ తప్పిందని కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడే ఆమె వచ్చింది, ఎత్తడానికి సాయం పడదామని.

"ఏమైంది మేడం, గట్ల నిలవడ్డరు?"

"జానెడు తగ్గింది."

"దేనికి?"

"నడుముకు. మా నాయనమ్మ నడుమెత్తు పేర్చేది."

ఆమె బతుకమ్మ పక్కన నిలబడి చేత్తో కొలుచుకుంది. తన నడుముకు సరిగ్గా సరిపోయింది. "నాకైతే అయ్యింది. గింతకు మీ నాయనమ్మ ఎంత పొడుగుంటుండె?"

ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ వేయలేదు. నాయనమ్మ నాకు ఎప్పుడూ పొడుగ్గానే గుర్తుంది. కానీ పదో తరగతిలో ఉండగా ఆమె జడ నేను వేసేదాన్ని, ఆమె నిలబడే ఉండేది, నా గడ్డం ఆమె పాపిట మీద ఆనేది.

"నా భుజం దాకా," అన్నాను.

"మరింకేంది! నా అంత మనిషే. అయిపోయింది పోన్రి. పట్టున్రి ఆ పక్క, బరువున్నది."

ఇద్దరం చెరో వైపు పట్టుకుని ఎత్తాం. గేటు దగ్గర మెట్టు మీది బంతిమొక్కను తప్పించుకోవడానికి ఆమె ముందు, నేను వెనక, పక్కకు జరుగుతూ దిగాం. వాకిట్లో మిగిలినవి అప్పటికే గుండ్రంగా పెట్టి ఉన్నాయి. పచ్చచీర కట్టుకున్న ఒక పిల్ల, "జల్దీ రాండ్రి, మీ జాగ ఇదే" అంటూ రెండు బతుకమ్మల మధ్య ఖాళీని కాలితో చూపించింది.